నానమ్మ కంటి ఫొటో చూసి ఈ దారిలోకి రావాలనుకుంటున్న అమ్మాయికి

ప్రశ్న: సార్, మాది వరంగల్ దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ రెండో ఏడాది చదువుతున్నాను. మా నానమ్మకు షుగర్. కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడొకాయన ఆమె కంటి లోపలి ఫొటో తీసి తెర మీద చూపించాడు. ఆ రోజు నుంచి నాకు ఇదే పని చెయ్యాలని ఉంది. కానీ మెడికల్ ఫొటోగ్రాఫర్ అని నెట్‌లో వెతికితే మన దగ్గర ఒక్క ఉద్యోగ ప్రకటన కూడా కనిపించలేదు. ఏ కోర్సు చెయ్యాలి? రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి, పనికొస్తానా? ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా? నాన్నేమో పెళ్లిళ్ల ఫొటోలు తీసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి, ఈ ఆసుపత్రి గొడవ నీకెందుకు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, ముందు నువ్వు నెట్‌లో కొట్టిన ఆ మాట సంగతే చెప్తాను. మన దగ్గర ఈ పని బోలెడంత ఉంది, ఈ పేరుతో ఉద్యోగమే దాదాపు లేదు. మీ నానమ్మ కంటి ఫొటో తీసినాయన జీతం కాగితం మీద ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించేవాడు) అనో ఆప్తాల్మిక్ టెక్నీషియన్ అనో రాసి ఉంటుంది. చర్మవ్యాధుల విభాగంలో పీజీ డాక్టర్లే ఫోన్‌తో కానిచ్చేస్తుంటారు. పాథాలజీలో ల్యాబ్ టెక్నీషియన్ తీస్తాడు, కాస్మెటిక్ క్లినిక్‌లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు తీస్తారు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1999 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో మెడికల్ కాలేజీకి ఫొటోగ్రఫీ, ఆడియో విజువల్ విభాగం ఒకటి ఉండాలని, అందులో ఫొటోగ్రాఫర్, ఆర్టిస్టు, మోడలర్, డార్క్‌రూమ్ అసిస్టెంటు ఉండాలని రాసి ఉండేది. పాతతరం డాక్టర్లను కదిపితే తమ కాలేజీ ఫొటోగ్రాఫర్‌ను ఇప్పటికీ పేరు పెట్టి తలుచుకునేవాళ్లున్నారు. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక, ఎవరి చేతిలో వాళ్లకు కెమెరా ఉంది కదా అని ఆ కుర్చీలు చాలాచోట్ల ఖాళీ అయిపోయాయి. కెమెరా అయితే అందరి చేతికీ వచ్చింది కానీ రోగి ఫొటో ఎలా తియ్యాలో అందరికీ రాలేదమ్మా. నన్ను బాధపెట్టేది అదే. నీలాంటి వాళ్లకు ఇక్కడ చోటుందని నేను గట్టిగా నమ్మేదీ అందుకే.

నేను ఇరవై ఏళ్ల పైచిలుకుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట ఒక ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో, తర్వాత కంటి ఆసుపత్రిలో. చేరిన మొదటి ఏడాది జరిగిన ఒక సంగతి చెప్తాను. చెంప మీద కాలిన మచ్చ ఉన్న కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయి. ఆపరేషన్‌కు ముందు అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాను. వెలుగు పక్క నుంచి పడుతుండేసరికి మచ్చ మీది ఎత్తుపల్లాలన్నీ స్పష్టంగా వచ్చాయి. ఆర్నెల్ల తర్వాత వచ్చినప్పుడు బయట మబ్బుగా ఉందని ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ ముప్పాతిక వంతు మాయమైనట్టే ఉంది. వాళ్లమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టింది. మా సర్జన్ గారు మాత్రం కాసేపు చూసి, "ఇందులో నా ఆపరేషన్ ఎంత, నీ లైటు ఎంత?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ కుర్రాడికి ఇంకో ఆపరేషన్ అవసరమా, వద్దా అని తేల్చుకోవాల్సిన రోజున ఆ ఫొటోలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

నువ్వు నేర్చుకోవాల్సిందంతా ఆయన అడిగిన ఆ మాటలోనే ఉంది. ఆర్నెల్ల తేడాతో తీసిన రెండు ఫొటోల్లో మారింది రోగి ఒళ్లొక్కటే అయ్యుండాలి. దూరం, లెన్సు, వెలుగు వచ్చే వైపు, రంగు, తల వంపు, వెనక గుడ్డ, ఏదీ మారకూడదు. ముఖానికి మామూలుగా ఐదు కోణాలు తీస్తాం: ఎదురుగా ఒకటి, చెరో పక్క నుంచి రెండు, మధ్యలో ఏటవాలుగా రెండు. తల కాస్త ఎత్తినా దించినా గడ్డం, మెడ వేరేలా కనపడతాయి కాబట్టి చెవి రంధ్రం పై అంచు, కంటి గుంట కింది ఎముక ఒకే అడ్డగీత మీదికి వచ్చేలా కూర్చోబెడతాం. దాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ ప్లేన్ అంటారు. దగ్గరికి వెళ్లి ఫోన్‌తో తీస్తే ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు వస్తుంది. అందుకే 100 ఎంఎం మ్యాక్రో లాంటి లెన్సు పెట్టుకుని వెనక్కి జరిగి తీస్తాం.

రంగు గురించి విడిగా చెప్పాలి, మన ఒంటి రంగు వాళ్లకు జరిగే అన్యాయం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది కాబట్టి. పాఠ్యపుస్తకాల్లో చర్మరోగాల ఫొటోలు చాలావరకు తెల్లతోలు మీద తీసినవి. ఆ తోలు మీద ఎర్రగా కనపడే వాపు మన చామనచాయ మీద ఊదాగానో, ముదురు గోధుమగానో కనపడుతుంది, కొన్నిసార్లు పక్కనున్న మంచి చర్మానికీ దానికీ తేడా ఒక్క పిసరే ఉంటుంది. ఆ పిసరును పట్టుకోవడమే మన పని. ఫోన్ ఏం చేస్తుందంటే, తనంతట తానే చర్మాన్ని నున్నగా చేసి, కాస్త తెల్లగా చేసి ఇస్తుంది. ఆసుపత్రి ఆకుపచ్చ తెర ఫ్రేములో పడితే కెమెరా తనంతట తానే రంగు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ మొత్తం రంగునే గులాబీ వైపు తోసేస్తుంది. పెళ్లి ఫొటోలో అందరికీ నచ్చేది ఇక్కడ తప్పుడు సాక్ష్యం అవుతుంది. తర్వాత రంగు సరిచూసుకోవడానికి బూడిదరంగు కార్డు ఒకటి జేబులో పెట్టుకుని, ప్రతి రోగికీ మొదటి ఫ్రేము దానితో తియ్యి. ఇంత చిన్న అలవాటు చాలాచోట్ల లేదంటే నమ్ముతావా.

ఇప్పుడు కన్ను. నిన్ను పట్టుకున్నది అదే కాబట్టి నా గదిలోకి తీసుకెళ్లి చూపించినట్టే చెప్తాను. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తాం, ఇరవై, ముప్పై నిమిషాలు ఆగుతాం. గదిలో లైట్లు తీసేస్తాం. రోగి గడ్డం ఇక్కడ, నుదురు అక్కడ ఆనిస్తాడు. కెమెరాను ముందుకు తోస్తూ ఉంటే తెర మీద మొదట కనురెప్ప, తర్వాత కంటిపాప, ఇంకొంచెం ముందుకు వెళ్లగానే ఒక్కసారిగా నారింజ రంగు లోకం తెరుచుకుంటుంది. నువ్వు చూశావు కదా, దాని మీద నరం గుండ్రంగా, లేత పసుపుగా, అందులోంచి నాలుగు వైపులకూ రక్తనాళాలు. అంచున నీలితెలుపు పొగ కనపడితే దూరం సరిగ్గా లేదని, ఒక పక్క నెలవంకలాంటి నీడ వస్తే కంటిపాప మధ్యలో లేమని, కింద తెల్లటి మసక వస్తే రెప్పవెంట్రుకలు అడ్డొచ్చాయని అర్థం. ఇవన్నీ అరసెకనులో చూసుకోవాలి, ఎందుకంటే ఎదురుగా ఉన్నది డెబ్భై ఏళ్ల మనిషి, మెడ లాగేస్తోంది, కంట్లో నీళ్లు కారుతున్నాయి, ఫ్లాష్ పడగానే తల వెనక్కి తీసేస్తుంది. "ఒక్క నిమిషం అమ్మా, రెప్ప కొట్టకు, పచ్చ దీపం చూడు, అయిపోయింది, అయిపోయింది" అని నోటితో చెప్తూనే చేత్తో ఫోకస్ సరిచెయ్యాలి. ఆ గొంతు కూడా పరికరమే అనుకో. గొంతు సరిగ్గా లేనివాడు ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా మసక ఫొటోలే తీస్తాడు.

ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ అని ఇంకోటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చేతి నరంలో పసుపురంగు మందు ఎక్కిస్తారు. పది పదిహేను సెకన్లలో అది కంటికి చేరుతుంది. కెమెరా నీలం వెలుగు వేస్తే ఆ మందు పచ్చని వెలుగు ఇస్తుంది, దాన్ని మాత్రమే ఫిల్టరు లోపలికి రానిస్తుంది. నల్లటి తెర మీద ధమనులు ముందు వెలుగుతాయి, తర్వాత సిరలు అంచుల వెంబడి నిండుతాయి. షుగరు వల్ల ఎక్కడైనా నాళం కారుతుంటే అక్కడ వెలుగు మెల్లగా మచ్చలా వ్యాపిస్తుంది. మొదటి సెకన్లు తప్పిపోతే మళ్లీ రావు, ఆ సూది ఇంకోసారి పొడవమని ఆ మనిషిని ఎలా అడుగుతాం? కొంతమందికి వికారం వస్తుంది, అరుదుగా ఒళ్లు తట్టుకోలేకపోతుంది, అందుకే అత్యవసర మందుల ట్రే పక్కనే ఉంటుంది. ఒంటి రంగు కొన్ని గంటలు పసుపుగా ఉంటుందని, మూత్రం ముదురు పసుపుగా వస్తుందని ముందే చెప్పి పంపాలి, లేకపోతే రాత్రికి ఇంటి దగ్గర హడలిపోతారు. ఈ పద్ధతిని 1961లో లోకానికి చెప్పింది ఎవరో తెలుసా, ఇండియానా యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, నోవోట్నీ, ఆల్విస్. మొదట మందు ఎక్కించుకున్నది వాళ్లలో ఒకరే. నీ వయసుకు కాస్త పెద్దవాళ్లు, అంతే.

రక్తం సంగతి అడిగావు. కంటి ఫొటోల పనిలో రక్తం కళ్లపడేది చాలా తక్కువ, సూది గుచ్చినప్పుడు బొట్టంత. ఆపరేషన్ థియేటరులో అయితే మొదటిసారి కళ్లు తిరగడం చాలామందికి జరిగేదే, డాక్టర్లకూ జరుగుతుంది. ఖాళీ కడుపుతో వెళ్లకు, మోకాళ్లు బిగబట్టి నిలబడకు, తల తేలిపోతోందనిపిస్తే సిగ్గుపడకుండా పక్కకు వెళ్లి గోడకానుకుని కూర్చో. నాలుగైదుసార్లకు అలవాటైపోతుంది. నిజంగా భయపడాల్సింది వేరే ఉంది: పరిచిన స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) గుడ్డకు నీ కెమెరా పట్టీ తగిలితే అక్కడ ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి ప్రమాదం. మూర దూరం ఎప్పుడూ పాటించాలి, ఏదైనా తగిలితే ఎవరూ చూడలేదని ఊరుకోకుండా వెంటనే నోరు తెరిచి చెప్పాలి. చేరే ముందు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకో.

నీ ఉత్తరంలో లేనిది, నేనే ఎత్తుతున్నది ఒకటుంది, అనుమతి. మన దగ్గర రోగి చేత చేరేటప్పుడు పది సంతకాలు పెట్టిస్తారు, అందులో ఫొటోది కూడా ఎక్కడో ఉంటుంది, చదివేదెవరు? నేను ప్రతిసారీ నోటితో తెలుగులో అడుగుతాను. "అమ్మా, ఈ ఫొటో నీ ఫైలు కోసం. పిల్లలకు పాఠం చెప్పడానికి చూపించొచ్చా? పుస్తకంలో వేస్తే ఎవరైనా చూస్తారు, దానికి సరేనా?" అవి మూడు వేర్వేరు అనుమతులు. మొదటిదానికి సరే అని మూడోదానికి వద్దనే హక్కు ఆమెకుంది. ఒకసారి రొమ్ము ఆపరేషన్ అయిన ఆవిడ, నా వైపు చూడకుండా, "నా పెద్దకొడుకు మెడిసిన్ చదువుతున్నాడు నాయనా, వాడి క్లాసులో నా ఫొటో రాదు కదా" అంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చేతులు ఇంకొంచెం జాగ్రత్తపడతాయి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే మనిషి తెలియదనుకోవడం పొరపాటు, పుట్టుమచ్చో పచ్చబొట్టో చాలు ఊళ్లోవాళ్లు గుర్తుపట్టడానికి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలోనే రోగి అనుమతి లేకుండా గుర్తుపట్టేలా ఫొటో ప్రచురించకూడదని ఉంది, 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. నీ సొంత ఫోన్‌తో రోగి ఫొటో ఎప్పుడూ తియ్యకు, వాట్సాప్‌లో పంపమని ఎంత పెద్ద డాక్టర్ అడిగినా పంపకు. ఇబ్బంది పెడితే ఆసుపత్రి మెయిల్‌కు పంపుతానని మర్యాదగా చెప్పు. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండాలి తల్లీ.

చదువు. మెడికల్ ఫొటోగ్రఫీ అని బోర్డు పెట్టిన డిగ్రీ కోసం ఇక్కడ వెతుక్కుంటూ ఏళ్లు పోగొట్టుకోకు. బీఎఫ్ఏ మధ్యలో మానెయ్యొద్దు, లైటు మీద నీకు వచ్చే పట్టు ఆసుపత్రిలో ఎవరూ నేర్పరు. నువ్వు బైపీసీ చేశావు కాబట్టి రెండో దారి కూడా తెరిచే ఉంది. డిగ్రీ అయ్యాక రెండేళ్ల ఆప్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా అయినా చెయ్యొచ్చు, లేదా ఓపిక, ఇంట్లో వెసులుబాటు ఉంటే ఆప్టోమెట్రీ చెయ్యొచ్చు, అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి కనీసం నాలుగేళ్లు. ఆప్టోమెట్రీకి 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం కింద గుర్తింపు ఉంది, ముందు ముందు అది అక్కరకొస్తుంది. నన్నడిగితే నీ విషయంలో డిప్లొమా చాలు. రెండేళ్లలో ఆసుపత్రి లోపలుంటావు, నీ చేతిలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంటుంది, ఇమేజింగ్ గదిలో ఆ రెండూ కలిసిన మనిషి దొరకడం చాలా కష్టం. హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ ఉంది, సరోజినీదేవి ఉంది. చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్ ఉన్నాయి. ఈ సెలవుల్లోనే వెళ్లి, ఇమేజింగ్ విభాగంలో ఒక వారం చూడనిస్తారా అని కాగితం రాసి ఇచ్చి అడుగు. కాదంటే ఇంకో చోట అడుగు. చదువు మీద డబ్బు పెట్టకముందే ఆ వారం గడపడం నీకు చాలా అవసరం.

విదేశాల సంగతి రెండు ముక్కల్లో. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ ఇలస్ట్రేషన్ విభాగాలు, అంటే రోగుల ఫొటోలు, వైద్య బొమ్మలు చేసేవి, ఇప్పటికీ నడుస్తున్నాయి. అక్కడ ఫొటోగ్రఫీ డిగ్రీ మీద క్లినికల్ ఫొటోగ్రఫీలో పీజీ చదువు చేస్తారు, కార్డిఫ్ యూనివర్సిటీ ఆ చదువుకు పేరు తెచ్చుకుంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ ఇలస్ట్రేటర్స్ అని 1968 నుంచి వాళ్లకు సంఘం ఉంది, ఫొటోలు ఎలా తియ్యాలో వాళ్లు రాసుకున్న మార్గదర్శకాలు చదువు, వీసా గురించి తర్వాత ఆలోచించొచ్చు. అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఈ చదువుకు పాత పేరు. ఫోరెన్సిక్ వైపు మనసు పోతే అదో వేరే దారి. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయాలి అంటోంది. అక్కడా మనుషులు కావాలి. కానీ నీ ఉత్తరం చదివితే నీ మనసు కంటి దగ్గరే ఉందనిపించింది.

ఏఐ గురించి టెన్షన్ పడకు, అలాగని పట్టించుకోకుండానూ ఉండకు. షుగరు వల్ల కంటి వెనక పొరకు, అంటే రెటీనాకు, వచ్చే జబ్బును ఫొటో చూసి పసిగట్టే ప్రోగ్రామ్ గురించి గూగుల్ వాళ్లు 2016లో పరిశోధన ప్రచురించారు, దానికి మన దేశపు కంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా వాడారు. తర్వాత దాన్ని థాయ్‌లాండ్‌లో మామూలు క్లినిక్కుల్లో పెట్టి చూస్తే, అక్కడి నర్సులు తీసిన ఫొటోల్లో దాదాపు ఐదోవంతు సరిగ్గా లేవని ఆ ప్రోగ్రామే తిప్పికొట్టింది. గదిలో సరైన చీకటి లేకపోవడం కూడా ఒక కారణం. ఫొటో చదివే పనిలో మిషన్ వాటా పెరుగుతుంది, అది ఖాయం. కెమెరాలు కూడా తమంతట తామే ఫోకస్ చేసుకునేవి వచ్చేశాయి. కానీ నెలలు నిండకుండా పుట్టిన, అరచేతిలో పట్టేంత బిడ్డ కన్ను ఫొటో తీసేటప్పుడు, శుక్లం ముదిరిన ముసలాయన కంట్లో ఫొటో పడే సందు వెతికేటప్పుడు, మనిషి చేతి అవసరం ఇంకా చాలాకాలం ఉంటుందనే నా నమ్మకం. కర్ణాటకలో కిడ్‌రాప్ అనే కార్యక్రమం 2008 నుంచి ఇదే చేస్తోంది, డాక్టర్లు కాని టెక్నీషియన్లు జిల్లాలకు కెమెరా తీసుకెళ్లి ఆ పసిగుడ్ల కళ్లు ఫొటోలు తీస్తారు. అలాంటి బిడ్డల్లో చూపు దక్కాలంటే రెటీనాకు వచ్చే జబ్బును వారాల్లో పట్టుకోవాలి. ఆ టెక్నీషియన్లు చేసేది ఫొటోగ్రఫీ కాదని నాకు చెప్పమను ఎవరినైనా.

నాన్నగారు చెప్పిందాంట్లో తప్పేమీ లేదమ్మా. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక మంచి ఫొటోగ్రాఫర్ సంపాదించేది, ఆసుపత్రిలో కొత్తగా చేరిన టెక్నీషియన్‌కు నెలల తరబడి కూడా రాకపోవచ్చు, అది దాచిపెట్టి నిన్ను ఇటు లాగడం పాపం. ఆసుపత్రిలో జీతం నీ ఫొటో ఎంత బాగుందనే దాన్ని బట్టి రాదు, హోదాను బట్టి వస్తుంది. కాబట్టి నాన్నతో వాదన పెట్టుకోకుండా, డిప్లొమా చదివినన్నాళ్లూ సీజన్‌లో పెళ్లిళ్లు తీస్తాను, ఫీజు నేనే కట్టుకుంటాను అని చెప్పు. మండపంలో నలుగురిని మాటలతో సర్ది నిలబెట్టడం వచ్చినవాళ్లకు రోగిని కూర్చోబెట్టడం కష్టం కాదు. ఇంకో మాట, వీలైతే ఆయన్ని ఒకసారి నానమ్మతో పాటు ఆ గదికి తీసుకెళ్లు.

ఈలోగా ఇంట్లో చెయ్యడానికి రెండు పనులిస్తాను. మటన్ కొట్టు నుంచి పావుకిలో కార్జం తెచ్చుకో. నీళ్లతో కడిగి, నల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తియ్యి. తడి మీద తెల్లగా మెరుపులు పడి కింద అసలేముందో కనపడదు. లైటు పక్కకు జరిపి చూడు, లైటుకూ లెన్సుకూ పోలరైజర్లు (మెరుపును తగ్గించే ఫిల్టర్లు) పెట్టి తిప్పి చూడు, గాజు పళ్లెంలో నీళ్లు పోసి అందులో ముంచి తీసి చూడు. కోసిన అంచు, పైపొర, సన్నటి నాళాల రంధ్రాలు, మూడూ ఒకే ఫొటోలో తేటగా వచ్చేదాకా వదలకు. పాథాలజీ వాళ్లు ఆపరేషన్‌లో తీసిన ముక్కలకు చేసేది ఇదే. రెండోది, మీ హాస్టల్ స్నేహితురాలి ఎడమచెయ్యి పది రోజులు, రోజుకో ఫొటో. రోజూ కెమెరా విప్పేసి, సామాను సర్దేసి, మర్నాడు మళ్లీ మొదటినుంచి పెట్టుకుని తియ్యాలి. దూరం, లైటు, చెయ్యి పెట్టిన తీరు అంతా నోట్‌బుక్‌లో రాసుకో. పదో రోజు పదీ పక్కపక్కన పెట్టి, వాటిలో ఏది ఏ రోజుదో నీ స్నేహితురాలు చెప్పలేకపోతే నాకు మళ్లీ రాయి, ఆ ఫొటోలు కూడా పంపు.

నానమ్మకు షుగర్ అన్నావు కాబట్టి, చూపు బాగానే ఉన్నా డాక్టర్ చెప్పిన గడువుకు, తక్కువలో తక్కువ ఏడాదికోసారి, రెటీనా పరీక్ష తప్పనివ్వకండి. ఈసారి వెళ్లేటప్పుడు పోయినసారి తీసిన ఆ ఫొటో ప్రింటు అడిగి తీసుకుని వెంట పట్టుకెళ్లు. కొత్తది తీశాక రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని అడుగు, కాదనరు.